మిగిలిన నెట్టు ఏ చెరువులో పడుతోంది?

సంపాదకులు గారికి నమస్కారాలు.

నాది హాలియా దగ్గర ఒక ఊరు. పేరు రాయడం లేదు, రాస్తే ఎవరి కోడలో మండలంలో సగం మందికి తెలిసిపోతుంది. దేవరకొండలో బీకాం చదివి, పెళ్లయి ఇటు వచ్చాను. మిర్యాలగూడలో ఒక ఆడిటర్ గారి దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. బాబు పుట్టాక రోజూ బస్సులో తిరగలేక, ఇంటి నుంచే చేస్తానని అడిగి పని తెచ్చుకున్నాను. ఇప్పుడు రెండు రైస్ మిల్లులు, ఒక ఎరువుల దుకాణం, ఒక సిమెంటు, ఐరన్ షాపు, ఈ నాలుగింటి లెక్కలు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. మా ఇంట్లో నెట్ లైను లేదు. ఉన్నది నా ఫోను. దాని హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌కు కలుపుకుంటే అదే నా ఆఫీసు.

రీచార్జి ధరలు పెరిగాయని మీకు చాలామంది రాస్తుంటారు. ధర గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు, ఆ ఫోను మీదే నేను నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నాను. నా గొడవ కొలత గురించి. రోజుకు 1.5 జీబీ, 28 రోజులు, అర్ధరాత్రి దాటితే నిన్నటిది చెల్లదు అనే కొలత గురించి. ఉత్తరం కాస్త పొడవైంది. చోటు లేకపోతే కత్తిరించుకోండి, కానీ మా మామయ్య మాట మాత్రం ఉంచండి.

జీఎస్టీ పని చేసేవాళ్లకు నెలలో రెండు తేదీలు గండాలు. 11న అమ్మకాల వివరాలు, అంటే జీఎస్టీఆర్-1. 20న జీఎస్టీఆర్-3బీ, అంటే నెల పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను. 20 దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. యాభై రూపాయలు ఒక లెక్కా అనిపించవచ్చు. కానీ రిటర్ను ఆలస్యమైందని మిల్లు సార్ నోట ఒక్కసారి మాట వచ్చిందంటే, ఇంట్లో కూచుని చేసే ఆడమనిషికి లెక్కలు ఎందుకిచ్చావని పక్క మిల్లాయన అడుగుతాడు. నా భయమంతా దాని గురించే.

మొన్న వానాకాలంలో ఒక 20వ తేదీ. మూడు రిటర్నులు పొద్దున్నే వేసేశాను. నాలుగోది పెద్ద మిల్లుది. ఒక బిల్లులో తేడా ఉంది, అది చూసుకుని సాయంత్రం వెయ్యమన్నారు ఆడిటర్ గారు. నాలుగున్నరకు ఫోను తీసుకెళ్లి కిటికీ చువ్వల మధ్య నిలబెట్టాను. మా ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండేది ఆ కిటికీలోనే, టవరు అటువైపు ఉంది. ‘‘ఎప్పుడు జూడు ఆ కిటికీల ఫోను, పిట్ట గూడు వెట్టినట్టు’’ అంటుంది మా అత్తమ్మ. గోడకు ఇవతల, ఫ్యాను కింద, నా బల్ల. హాట్‌స్పాట్ కలిసింది. పోర్టల్లో లాగిన్ అయ్యాను.

అంతలో మిల్లు సార్ ఫోన్. ‘‘అయిందామ్మా?’’ ‘‘అవుతోంది సార్’’ అని పెట్టేసి వచ్చి చూస్తే పేజీ గిర్రున తిరుగుతోంది. మళ్లీ మొదటి నుంచి లాగిన్. సగం పని అయ్యేసరికి మళ్లీ సార్ ఫోన్, మళ్లీ పేజీ గిర్రున. మూడోసారికి గానీ నాకు వెలగలేదు. నా ఫోన్లో రెండు సిమ్ములు. నెట్ ఒకదాంట్లో వస్తుంది, సార్ చేసేది రెండో దానికి. మామూలు రెండు సిమ్ముల ఫోన్లలో ఒక సిమ్ము మీద మాట్లాడుతున్నంతసేపు రెండో సిమ్ము నెట్ ఆగిపోతుంది. అంటే పని ఎంతవరకు వచ్చిందని ఆయన అడిగిన ప్రతిసారీ ఆ అడగడంతోనే పని ఆగింది. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు, చెబితే సాకులనుకుంటాడు. ఆ సిమ్ముకు వచ్చే కాల్స్‌ని నెట్ ఉన్న సిమ్ముకు మళ్లించేశాను. 4జీలో ఒకే సిమ్ము మీద మాటా నెట్టూ రెండూ నడుస్తాయి కాబట్టి ఆ బాధ అక్కడితో తీరింది.

అసలు బాధ అప్పుడు మొదలైంది. ఐదున్నరకు ఫోనులో మెసేజ్: ఈ రోజు డేటాలో 90 శాతం అయిపోయింది. ఆరు కాకముందే ఇంకోటి: మొత్తం అయిపోయింది, ఇక వేగం 64 కేబీపీఎస్. నేను చేసిందేమీ లేదు, ఒక్క పోర్టల్ తెరిచాను. రీల్స్ కూడా చూడలేదు. మా బాబు పొద్దున ఫోను పట్టుకున్నాడని గుర్తొచ్చి, కార్టూన్లు చూసి అంతా తాగేశావని వాణ్ని కేకలేశాను. వాడు చూడలేదమ్మా అంటూనే ఉన్నాడు. వినలేదు.

64 కేబీపీఎస్ అంటే ఏమిటో ఆ సాయంత్రం కాగితం మీద లెక్క కట్టాను. సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ దిగాలంటే రెండు నిమిషాలకు పైనే. ఫోనులో వాట్సాప్ మెసేజ్ పోతుంది, అందుకే చాలామందికి నెట్ అయిపోయిన బాధ అంతగా తెలియదు. ల్యాప్‌టాప్ మీద తెరిచే సైట్లు అట్లా ఉండవు, ఒక్కో పేజీ కొన్ని ఎంబీలు లాగుతుంది. అది వచ్చేలోగా లాగిన్ గడువు తీరిపోతుంది. ఓటీపీ మాత్రం టింగుమని వచ్చేస్తుంది, అది ఎస్సెమ్మెస్ కదా. ఓటీపీ చేతిలో ఉంది, దాన్ని వేసే పేజీ లేదు. మన దేశంలో 2023 జనవరి నుంచి సెకనుకు కనీసం 2 మెగాబిట్లు ఉంటేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలని నిర్వచనం మార్చారు. అందులో ముప్పయ్యో వంతు పట్టుకుని నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

అదనపు డేటా వేసుకుందామంటే, వేసుకోవడానికి కూడా నెట్ కావాలి. యూపీఐ యాప్ తెరుచుకోవడం లేదు. మిర్యాలగూడలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పుడు పొలం నుంచి మామయ్య వచ్చాడు. ‘‘ఏమైంది బిడ్డా, మొకం గట్ల వెట్టుకున్నవ్?’’ అన్నాడు. నెట్ అయిపోయిందన్నాను. ‘‘నా దాంట్ల ఉంటది సూడు’’ అని ఫోను నా చేతిలో పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

చూశాను. ఆయనదీ నాలాంటి ప్యాకే, రోజుకు 1.5 జీబీ. పొద్దుటి నుంచి వాడింది 40 ఎంబీ. పొద్దున నలుగురు దోస్తులు పంపిన గుడ్ మార్నింగ్ పూలు, సాయిబాబా బొమ్మలు, అంతే. మిగిలిందంతా ముట్టకుండా ఉంది. ఆయన ఫోను కిటికీలో పెట్టి, దాని హాట్‌స్పాట్ మీద ఎనిమిదింపావుకు రిటర్ను వేశాను. ఆ తర్వాత అన్నం తిన్నాం.

మర్నాడు ల్యాప్‌టాప్‌లో డేటా ఎవరు వాడారో చూపించే చోటు వెతికి చూశాను. దొంగ దొరికాడు. నేను బిల్లు తేడా వెతుకుతున్నంతసేపు, వెనకాల ల్యాప్‌టాప్ తన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తానే దింపుకుంది. ఒక జీబీకి పైనే. బాబును పిలిచి దగ్గర కూచోబెట్టుకుని, నిన్న నువ్వు కాదురా అని చెప్పాను. వాడు నన్ను క్షమించడానికి ఒక బిస్కెట్ ప్యాకెట్ అయింది.

ల్యాప్‌టాప్ తప్పు కూడా పూర్తిగా అనలేను. దానికి తెలిసింది ఒక్కటే, వైఫై దొరికిందని. ఆ వైఫై గోడకు బిగించిన పెట్టె నుంచి వస్తోందో, కిటికీలో నిలబెట్టిన ఫోను నుంచి వస్తోందో దానికి తెలియకపోవచ్చు. వైఫై అంటే ఇంటి లైను, ఇంటి లైనుకు లెక్క ఉండదు అనే పట్నం అలవాటు దానిది. అప్‌డేట్లు దింపుతుంది, ఫొటోలు ఎక్కిస్తుంది, వీడియో పెడితే పెద్ద తెర కదా అని ఎక్కువ నాణ్యతలో చూపిస్తుంది. మండే ఎండలో వచ్చిన చుట్టానికి చెంబు నీళ్లిస్తే, బిందె దగ్గరికే వెళ్లి కూచున్నట్టు.

దీనికి మందు ల్యాప్‌టాప్‌లోనే ఉంది, కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. విండోస్ అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మనం కలిపిన హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే ‘మీటర్డ్ కనెక్షన్’ అని ఒక మీట ఉంటుంది. అది ఆన్ చేస్తే, ఈ నెట్‌కు లెక్క ఉంది అని ల్యాప్‌టాప్‌కు చెప్పినట్టు. అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, మనం అడిగితే దిగుతాయి. కానీ ఒక్కో హాట్‌స్పాట్‌కు విడివిడిగా పెట్టాలి. నా ఫోనుకు పెట్టి, మామయ్య ఫోనుకు పెట్టడం మరిచిపోయి, తర్వాతి నెల ఆయనదీ ఊడ్చిపెట్టుకుపోయింది. అప్‌డేట్లు మొత్తానికే మానేయమని కాదు, బ్యాంకు పనులు చేసే మెషీన్‌కు అవి కావాలి. నేను ఆదివారం రాత్రి పనేమీ లేనప్పుడు నేనే దింపుకుంటున్నాను.

ఇంకో సంగతి, మా ఊరి పిల్లల కోసం రాస్తున్నాను. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్ అని ఉంటుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 5 అంటే 5జీ అనుకుని నేనూ మొదట అదే పెట్టాను. రెండింటికీ చుట్టరికం లేదు. 5జీ అనేది టవరుకూ ఫోనుకూ మధ్య సంగతి. ఈ 5 గిగాహెర్ట్జ్ ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య సంగతి. ఒకే గదిలో ఉంటే దీని వేగం ఎక్కువే, గోడ అడ్డమొస్తే చతికిలపడుతుంది. మా ఇల్లు మామయ్య వాళ్ల నాయన కట్టించింది, రాతి గోడలు, మూరెడు మందం. 2.4 పెట్టాక గోడ దాటి నా బల్ల దాకా వస్తోంది. ఫోను పక్కనే పెట్టుకునే వీలుంటే వైఫై గొడవే లేకుండా కేబుల్‌తో కలపడం ఇంకా నయం. దాన్ని యూఎస్‌బీ టెథరింగ్ అంటారు. నెట్ నిలకడగా ఉంటుంది, ఫోను చార్జింగూ అవుతుంది. అయితే కేబుల్ డేటా వచ్చేదై ఉండాలి. హాలియా సంతలో కొన్నది చార్జింగ్‌కే పనికొచ్చింది, రెండు రోజులు ఫోనునే అనుమానించాను.

ఇవన్నీ నా ఇంటి తిప్పలు. నేర్చుకుంటే తీరేవి. తీరనిది ఒకటుంది.

ఆ 20వ తేదీ తర్వాత నాకు పంతం పట్టుకుంది. లెక్కలు రాసేదాన్ని కదా, నా నెట్‌కు కూడా ఖాతా పెట్టాను. బాబు పాత నోటుబుక్కులో వెనక పేజీల్లో రోజూ పడుకునే ముందు ఆ రోజు ఎంత వాడానో రాసేదాన్ని. ఒక ప్యాక్ పూర్తిగా రాశాను. కొన్నది రోజుకు 1.5 లెక్కన 28 రోజులకు 42 జీబీ. అందులో నాలుగు రోజులు మొత్తం అయిపోయి 64కు పడిపోయింది, అంటే 6 జీబీ. మిగతా 24 రోజుల్లో వాడింది అంతా కలిపి 17. మొత్తం వాడకం 23 జీబీ. చెల్లకుండా పోయింది 19 జీబీ. ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు అదనపు డేటా కొన్నాను, ఒక్కో జీబీ చొప్పున మూడు జీబీ. 19 పారబోసి 3 కొనుక్కున్నాను.

ఈ పద్దు ఎట్లా రాయాలో నాకు తెలియలేదు. మిల్లులో ఈ నెల బియ్యం మిగిలితే అది ముగింపు సరుకు. వచ్చే నెల మొదటి రోజు అదే ప్రారంభపు సరుకు. బీకాం మొదటి ఏడాదిలో చెప్పే పాఠం ఇది. రాత్రి పన్నెండు కొట్టగానే గోడౌన్‌లో బియ్యం మాయమయ్యాయని ఏ మిల్లు సార్ చెప్పినా ఆడిటర్ గారు ఊరుకోరు. నా నోటుబుక్కులో మాత్రం రోజూ అదే జరిగింది.

రాత్రి వాకిట్లో మంచం మీద కూచున్న మామయ్యకు ఈ లెక్క చదివి వినిపించాను. మా పొలం సాగర్ ఎడమ కాల్వ కింద ఉంటుంది. సాగర్‌లో నీళ్లు తక్కువున్న ఏడు వారబందీ పెడతారు. ఇన్ని రోజులు వదలడం, ఇన్ని రోజులు ఆపడం. ఆ రోజులు ఆయన నోటికి లెక్క. మన వంతు వచ్చినప్పుడు రాత్రి రెండింటికైనా లేచి గండి కొట్టుకోవాలి. కాబట్టి వంతు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంతా విని అన్నాడు: ‘‘కాల్వ నీళ్లు మిగిలితె కింది చెర్వుల వడ్తయి. ఎవలకో ఒకలకు ఆసరైతయి. మరి నీ నెట్టు మిగిలితె ఏ చెర్వుల వడ్తది బిడ్డా?’’

నా దగ్గర జవాబు లేదు. మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే రాయండి.

హాలియాలో నేను రీచార్జి చేయించుకునే కొట్టు అబ్బాయిని కూడా అడిగాను. తెలివైనవాడు, డిగ్రీ ఫస్ట్ క్లాసు. వాడి వాదన ఇది: ‘‘అక్కా, రోజు లెక్క తీసేస్తె పోరలు మ్యాచులు జూసి పది రోజులల్ల ఖతం జేస్తరు. మిగిలిన పద్దెన్మిది రోజులు నా షాపు ముంగట వడి కొట్లాడ్తరు.’’ కొట్టిపారేసే మాట కాదు. రోజు లెక్క ఉండబట్టే చాలామంది ఇళ్లలో నెలాఖరుకు కూడా ఫోను మోగుతోంది, బడి పిల్లవాడి వీడియో పాఠం నడుస్తోంది. టవరు మీద భారం కూడా ఒక మేరకు సర్దుకుంటుందేమో. కానీ నా ఖాతా ఇంకో మాట చెబుతోంది. పన్నెండు దాటాక చెల్లకుండా పోయేవి నేను తెల్లవారుజామున నాలుగింటికి, టవరు ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోగలిగినవే. ఫోను వాడకం రోజూ ఒకే తీరు. తిన్నట్టు, పడుకున్నట్టు. ల్యాప్‌టాప్ పని అట్లా ఉండదు. మూడు రోజులు ఖాళీ, నాలుగో రోజు నడ్డి విరుగుతుంది. రిటర్ను తేదీ, పరీక్ష తేదీ, అప్లికేషన్ ఆఖరి తేదీ, ఇవన్నీ ఆ నాలుగో రోజులే.

మొన్న జూన్‌లో మా వీధి చివరి అమ్మాయి వచ్చింది, ఇంటర్ పాసయింది. ‘‘వదినా, దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలె, మా అన్న ల్యాప్‌టాప్ తెచ్చిండు గని నెట్ లేదు’’ అంది. డిగ్రీ సీట్లు మన దగ్గర దోస్త్‌లో ఆన్‌లైన్‌లోనే కదా. మా అరుగు మీద కూచోబెట్టి పాస్‌వర్డ్ నేనే కొట్టి ఇచ్చాను. పాస్‌వర్డ్ నోటితో చెబితే సాయంత్రానికి వీధి అంతా అరుగు మీదే ఉంటుందని అనుభవం. పైగా నా హాట్‌స్పాట్ మీద ఎవరు ఏ సైటు చూసినా అది నా నంబరు మీద పడుతుంది. ఆ అమ్మాయి గంట కూచుని నల్లగొండ కాలేజీలు ఒక్కొక్కటీ చూసుకుని పెట్టుకుంది. ఆ రోజు పదో తేదీ. మర్నాడు పదకొండు, నాకు నాలుగు జీఎస్టీఆర్-1లు ఉన్నాయి. ఇట్లాంటప్పుడు కాదనలేం, అవుననడానికి గుండె పీకుతుంది. అంతకు ముందు ఆదివారం నాది జీబీకి పైగా ఊరికే పోయింది. అది ఉండి ఉంటే గడియారం చూసుకుంటూ కూచునేదాన్ని కాదు.

ఇంటికి లైను తీసుకోరాదా అంటారు. అడిగాను. ఊళ్లో కనీసం పది ఇళ్లు ముందుకొస్తే తీగ లాగుతామన్నారు. మాతో కలిపి మూడు ఇళ్లయ్యాయి. తీగ వచ్చేదాకా మాకు ఈ ఫోనే దిక్కు.

నేను అడిగేది ఉచితంగా ఏమైనా ఇమ్మని కాదు. అవే 42 జీబీ, అదే ధర, అవే 28 రోజులు. రోజు గీత తీసేసి, కావలసినప్పుడు కావలసినంత వాడుకునే ప్యాక్ ఒకటి పెట్టండి. రోజువారీ ప్యాక్ కావలసిన వాళ్లకు అదీ ఉండనివ్వండి. రోజు పరిమితి లేని ప్యాక్‌లు ఇప్పుడూ కొన్ని ఉన్నాయి, నాకు తెలుసు. చూశాను కూడా. అదే డబ్బుకు నాకు కనిపించిన వాటిలో డేటా ఎంత తక్కువంటే, నా 23 జీబీ వాడకానికే సరిపోదు. రోజు గీత తీసినందుకు జరిమానా వేసినట్టుంది.

ఇది జరగని పనేమీ కాదు. 28 రోజుల నెలేమిటి, ఏడాదికి 13 రీచార్జిలేమిటి అని జనం ఎన్నాళ్లో గొణిగారు. 2022 జనవరిలో ట్రాయ్, అంటే ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, ప్రతి కంపెనీ కనీసం ఒక ప్యాక్ 30 రోజులది, ఇంకొకటి ప్రతి నెలా అదే తేదీకి వేసుకునేది పెట్టాలని చెప్పింది. వచ్చాయి. మా అత్తమ్మది బటన్ల ఫోను. నెట్ అక్కర్లేని ఆమె నెట్‌కు కూడా డబ్బు కడుతుండేది. 2024 డిసెంబరులో మాటకూ ఎస్సెమ్మెస్‌కూ మాత్రమే ఉండే ప్యాక్ పెట్టాలని ట్రాయ్ మళ్లీ చెప్పింది. అవీ వచ్చాయి. నెట్ వాడనివాళ్ల సంగతి చూశారు, నెల లెక్క సంగతి చూశారు. ఇక ఫోను నెట్‌తో ల్యాప్‌టాప్ నడుపుకుని బతికేవాళ్ల సంగతి ఒక్కటి చూస్తే బాగుంటుంది. హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో నాలాంటి వాళ్లు నాకే పదిమంది తెలుసు. ఒకామె చీరల ఫొటోలు ఎక్కించి అమ్ముతుంది. ఒకబ్బాయి హైదరాబాద్ కంపెనీ పని మేడ మీద రేకుల కింద కూచుని చేస్తాడు, మధ్యాహ్నం ఫోను బాగా వేడెక్కిపోయి హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోతే తడిగుడ్డ పక్కన పెట్టుకుని ఊదుతుంటాడు. తడిగుడ్డ పెట్టొద్దని చెప్పాను, వినడు.

ఇంకో చిన్న కోరిక కూడా ఉంది, ఇది కంపెనీలకు కాదు. కేంద్రం 2020 డిసెంబరులో పీఎం-వాణి అనే పథకానికి ఒప్పుకుంది. టీ కొట్టు, కిరాణా కొట్టు కూడా లైసెన్సు, ఫీజు లేకుండా వైఫై పెట్టి చిన్న మొత్తాలకు జనానికి అమ్ముకోవచ్చు. మా ఊళ్లో బస్సాగే చోట ఒక కిరాణా కొట్టుంది, ఎదురుగా రావిచెట్టు, కింద అరుగు. ఆయనకు ఈ సంగతి చెప్పాను. ‘‘వైఫై అమ్ముడేంది బిడ్డా, ఉప్పు పప్పు అమ్మేటోన్ని’’ అన్నాడు. మీ జిల్లా పేజీలో ఎక్కడైనా ఇట్లాంటి కొట్టు నడుస్తుంటే ఫొటోతో వేయండి, తీసుకెళ్లి చూపిస్తాను. నా మాట కంటే పేపర్లో పడినదాన్ని ఆయన ఎక్కువ నమ్ముతాడు.

ఈ ఉత్తరం మామయ్య ఫోను హాట్‌స్పాట్ మీద మీకు మెయిల్ చేస్తున్నాను. నా ఫోన్లో ఈ రోజుది సాయంత్రానికే అయిపోయింది. బత్తాయి తోటలో బోరు మోటారు ఆయన ఈ ఫోనుతోనే ఆపుతాడు. ఎనిమిదింటికి ఆపాలి, ఇప్పుడు ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, ఇచ్చేయాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హాలియా ప్రాంతం, నల్లగొండ జిల్లా